చమురు పడిన దేశంలో వేరుశనగ ఏమైంది?

ఉత్తర నైజీరియాలో కానో అని పెద్ద నగరం. ఆ ఊరి 1950లు, 60ల నాటి ఫొటోలు చూస్తే మైదానం నిండా పిరమిడ్లు కనిపిస్తాయి. అవి రాతివి కావు, వేరుశనగ బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. ఒక్కో పిరమిడ్‌లో 15 వేల బస్తాల దాకా ఉండేవట. లాగోస్ రేవుకు వెళ్లే రైలు వ్యాగన్లు దొరికేదాకా పంట అలా ఆరుబయటే కాచుకుని ఉండేది. ఆ రోజుల్లో వేరుశనగ ఎగుమతిలో నైజీరియాది ప్రపంచంలోనే పైచేయి. దేశంలో తూర్పు ప్రాంతం పామాయిల్‌కు, పడమటి ప్రాంతం కోకోకు పేరు మోశాయి.

1980లు వచ్చేసరికి ఆ పిరమిడ్లు మాయమయ్యాయి. ఆయిల్‌పామ్ చెట్టు పుట్టినిల్లే పశ్చిమాఫ్రికా. అలాంటి చోట నైజీరియా పామాయిల్‌ని బయటి నుంచి కొనుక్కుంటోంది. ఈ రెండు కాలాల మధ్య ఆ దేశంలో జరిగిన అతి పెద్ద మార్పు ఏమిటంటే ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే: చమురు. 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి దగ్గర పడింది. 1958లో ఎగుమతి మొదలైంది. 1960లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, ఎగుమతి రాబడిలో చమురు వాటా నామమాత్రం. 1974 నాటికి 90 శాతం దాటిపోయింది.

ఇక్కడే ఒక సందేహం రావాలి. చమురు బావులు ఉన్నది దక్షిణాన సముద్రం ఒడ్డున. కానో అక్కడికి సుమారు 800 కిలోమీటర్ల ఉత్తరాన, సహారా ఎడారి వైపు ఉంది. డెల్టాలో చమురు ఒలికి చేపలు చచ్చాయి, పొలాలు పాడయ్యాయి, అది నిజమే. కానీ కానో రైతు పొలంలో ఒక్క చుక్క కూడా పడలేదు. అతని భూమిని ఎవరూ లాక్కోలేదు. మరి అంత దూరంలో పడిన చమురు ఇతని పంటను ఎలా దెబ్బ తీసింది?

దీనికి డచ్చివాళ్ల పేరెందుకు వచ్చింది?

ఆర్థికవేత్తలు దీన్ని ‘డచ్ డిసీజ్’ అంటారు. నెదర్లాండ్స్ ఉత్తర కొసన గ్రోనింగెన్ ప్రాంతంలో, స్లోక్టెరెన్ అనే ఊరి దగ్గర 1959లో భారీ సహజవాయు నిక్షేపం బయటపడింది. గ్యాస్ అమ్మకంతో దేశంలోకి డబ్బు వచ్చి పడింది, వాళ్ల కరెన్సీ గిల్డర్ బలపడింది. మరోవైపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు తగ్గుతూ పోయాయి. 1970లో ఒక శాతం చిల్లరగా ఉన్న నిరుద్యోగం 1977కి ఐదు శాతానికి చేరింది. ఆ ఏడాది నవంబరులో లండన్ పత్రిక ‘ది ఎకనామిస్ట్’ ఈ పరిస్థితికి ‘డచ్ డిసీజ్’ అని పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది.

పేరు కొంచెం అన్యాయంగానే పెట్టారు. ట్వెంటే ప్రాంతపు బట్టల మిల్లులు ఆసియా నుంచి వచ్చే చవక బట్టతో అప్పటికే కుదేలవుతున్నాయి, ఆ పాపమంతా గ్యాస్ ఖాతాలో వేయలేం. పైగా డచ్చివాళ్లు తేరుకున్నారు. 1982లో వాసెనార్ అనే చోట కార్మిక సంఘాలు, యజమానులు కూర్చుని జీతాల పెంపును అదుపులో పెట్టుకుంటామని, బదులుగా పని గంటలు తగ్గిస్తామని ఒప్పందం చేసుకున్నారు. నన్నడిగితే ఈ జబ్బుకు నైజీరియా పేరే ఎక్కువ నప్పుతుంది. అందుకే కథను అక్కడే నడుపుదాం.

డబ్బు వస్తే నష్టం ఎలా వస్తుంది?

1982లో మాక్స్ కోర్డెన్, పీటర్ నియరీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని లోపలి మెలికను విప్పి చూపించారు. వాళ్ల పద్ధతిలో దేశంలోని పనులన్నింటినీ మూడు గుంపులుగా విడదీయాలి. మొదటిది కొత్తగా ఊపందుకున్నది, అంటే చమురు. రెండోది ప్రపంచ మార్కెట్లో పోటీపడి అమ్మే ఇతర సరుకు: వేరుశనగ, కోకో, బట్ట, తోలు. మూడోది ఓడలో ఎక్కించి తెప్పించుకోలేనిది: మేస్త్రీ పని, ఇంటి అద్దె, లారీ కిరాయి, హోటల్ భోజనం, టీచరు పాఠం, క్షవరం.

ఇప్పుడు చమురు డాలర్లు వచ్చాయి. వాటిలో పెద్ద వాటా ప్రభుత్వానికి చేరింది. ప్రభుత్వం ఆ డాలర్లను దేశ కరెన్సీ నైరాల్లోకి మార్చి ఖర్చు పెట్టడం మొదలుపెట్టింది. రోడ్లు, బళ్లు, బ్యారక్సులు, ఉద్యోగాలు, జీతాలు. జనం చేతుల్లో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో వాళ్లు కొన్నది ఓడలో వచ్చే సరుకైతే ఇబ్బంది లేదు. గడియారాలు ఎక్కువ కావాలంటే ఇంకో ఓడ వస్తుంది, గడియారం ప్రపంచ ధర కదలదు. కానీ మూడో గుంపు సంగతి అలా కాదు. లాగోస్‌లో ఇళ్లకు గిరాకీ పెరిగితే ఇళ్లను దిగుమతి చేసుకోలేరు. మేస్త్రీలకు గిరాకీ పెరిగితే మేస్త్రీ రేటు పెరగాల్సిందే. అద్దె పెరుగుతుంది, కిరాయి పెరుగుతుంది, వాటితోపాటు కూలీ పెరుగుతుంది.

కూలీ పెరిగితే మంచిదే కదా? కూలివాడికి మంచిదే. కానీ ఆ పెరిగిన కూలీని ఎవరు భరించగలరు అన్నదే అసలు పాయింటు. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు తన రేటు పెంచుకుంటాడు, కట్టించుకునేవాడు ఇస్తాడు. వేరుశనగ ధరను నిర్ణయించేది కానో కాదు, ప్రపంచ మార్కెట్. అక్కడ కొనేవాడు, నీ ఊళ్లో కూలీ పెరిగిందా తగ్గిందా అని అడగడు. నీ దగ్గర ఖరీదైతే సెనెగల్ దగ్గర కొంటాడు, కాదంటే సోయాబీన్ నూనెకు మళ్లుతాడు.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అంకెలు నేను ఊహించి వేసినవే, లెక్క నడిచే తీరు మాత్రం అసలుదే. చమురుకు ముందు ఒక బస్తా వేరుశనగ విదేశంలో 20 డాలర్లకు అమ్ముడవుతోంది. డాలరుకు ఒక నైరా అనుకుందాం. చేతికి 20 నైరాలు వస్తాయి. కూలీలకు 8, గోనె సంచి, బండి, రైలు కిరాయి కలిపి 6, మొత్తం ఖర్చు 14. మిగులు 6. ఐదేళ్లు గడిచాయి. చమురు డబ్బుతో దేశంలో ధరలు, కూలి రేట్లు రెట్టింపయ్యాయి. ఖర్చు 28 అయింది. ప్రపంచ ధర కూడా కొంచెం పెరిగి 24 డాలర్లకు చేరింది. మారకం రేటు మాత్రం అక్కడే, డాలరుకు ఒక నైరా. రాబడి 24, ఖర్చు 28. పంట అలాగే పండుతోంది, ధర కూడా పెరిగింది, అయినా బస్తాకు 4 నైరాల నష్టం! ఈ రైతు చేసిన తప్పేమైనా ఉందా?

ఇది ఖర్చు దారిన వచ్చే దెబ్బ. ఇంకో దారి కూడా ఉంది: ఊపందుకున్న రంగమే మనుషుల్ని, పెట్టుబడిని నేరుగా లాక్కోవడం. చమురు విషయంలో ఈ రెండో దారి సన్నటిది, ఎందుకంటే చమురు బావికి కావాల్సింది యంత్రాలు, కొద్దిమంది నిపుణులు, అంతే. గనుల్లో అయితే ఈ లాగుడు ఎక్కువ. కానీ చమురు డబ్బు లేపిన కట్టడాలు మాత్రం మనుషుల్ని బాగానే లాగాయి. హైదరాబాద్ శివార్లలో వెంచర్లు లేచినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో నాట్లకు కూలీలు దొరకని వైనం తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. నైజీరియాలో ఊరి కుర్రాళ్లు లాగోస్, కడూనా, పోర్ట్ హార్కోర్ట్ దారి పట్టారు. పొలంలో ముసలివాళ్లు మిగిలారు.

మరి మారకం రేటు పాత్ర ఏమిటి?

నెదర్లాండ్స్‌లో గిల్డర్ విలువే పెరిగింది. పై లెక్కలో దాన్ని పెట్టి చూడండి. ఖర్చు 14 నైరాలే, ఏమీ మారలేదు. కానీ డాలరుకు ఒక నైరా బదులు 65 కోబోలే వస్తున్నాయి (నైరాకు వంద కోబోలు). 20 డాలర్లకు చేతికొచ్చేది 13. అప్పుడూ నష్టమే. అంటే కరెన్సీ బలపడినా, కరెన్సీ కదలకుండా దేశంలో ధరలు పెరిగినా, ఎగుమతిదారుడి గతి ఒకటే. రోగం లోపలికొచ్చే తలుపు వేరు, అంతే.

నైజీరియాలో రెండు తలుపులూ తెరుచుకున్నాయి, ధరల తలుపు బార్లా. 1973లో డాలరు విలువ సుమారు 66 కోబోలు. 1980లో సుమారు 55 కోబోలు. మధ్యలో దేశంలో ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. 1975 ఒక్క ఏడాదిలోనే మూడో వంతు పెరుగుదల. దేశంలో ధరలు అలా మండిపోతుంటే, లెక్క ప్రకారం నైరా విలువ పడిపోవాలి. చమురు డాలర్లు దాన్ని పడనివ్వలేదు. పైపెచ్చు ఇంకాస్త ఎక్కించాయి.

ప్రభుత్వం కావాలనుకుంటే నైరాను తగ్గించలేదా? తగ్గించొచ్చు. కానీ బలమైన నైరా పట్నంవాసికి తీపి. బయటి గోధుమతో రొట్టె చవక, కారు చవక, పిల్లవాడికి విదేశీ చదువు చవక. దిగుమతి లైసెన్సు చేతిలో ఉన్నవాడికైతే పండగే. నష్టపోయేది వేల ఊళ్లలో చెల్లాచెదురుగా ఉన్న రైతులు. వాళ్లు రాజధానిలో ఊరేగింపు తీయరు. ఏ ప్రభుత్వమైనా ఎవరి మాట వింటుందో మనకు తెలియనిదా?

డబ్బు ఊరి మీద పడితే ఎలా ఉంటుందో చూద్దాం

1973 అక్టోబరులో పీపా మూడు డాలర్ల చిల్లరగా ఉన్న చమురు 1974 జనవరికల్లా పదకొండు దాటింది. అప్పట్లో అధికారంలో ఉన్నది జనరల్ యాకుబు గోవాన్ సైనిక ప్రభుత్వం. ఉద్యోగుల జీతాల మీద జెరోమ్ ఉడోజీ అధ్యక్షతన వేసిన కమిషన్ నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం జీతాలు భారీగా పెంచడమే కాక, పాత బకాయిలు కూడా 1975 మొదట్లో ఒకేసారి చేతిలో పెట్టింది. ఒక్క దెబ్బతో బజారు ఖాళీ. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు మాకూ కావాలంటూ సమ్మెలకు దిగారు, సాధించుకున్నారు. ధరలు ఇంకో మెట్టు ఎక్కాయి. ఈ పెంపుదలలో భాగం లేనివాడు ఎవడు? ప్రపంచ ధరకు అమ్ముకునేవాడే.

అదే కాలంలో జరిగిన సిమెంటు కథ ఇంకా విచిత్రం. బ్యారక్సులు, రోడ్లు, భవనాలకని ప్రభుత్వ శాఖలు విదేశాల్లో సుమారు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు పెట్టేశాయి. లాగోస్ రేవు ఏడాదికి దించుకోగలిగింది దాదాపు 10 లక్షల టన్నులు. భాగహారం చేసుకోండి. 1975లో లాగోస్ ఎదుట సముద్రంలో వందల ఓడలు సిమెంటుతో లంగరేసి నిలబడ్డాయి. ఆలస్యానికి రోజువారీ జరిమానా ఒప్పందంలోనే ఉంది, దాన్ని దేశం కట్టింది. ఆ డబ్బుకు ఆశపడి, సిమెంటు దింపడం కంటే ఎదురుచూడటమే లాభమని వచ్చిన ముసలి ఓడలూ ఉన్నాయి. తేమకు గట్టిపడిన సిమెంటు ఎంతో. ఇంతటి గందరగోళంలో ఆ రేవు నుంచే వెళ్లాల్సిన కోకో బస్తా గతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎగుమతికి దెబ్బ ధరల రూపంలోనే రానక్కర్లేదు, ఇరుకైన రేవు రూపంలోనూ వస్తుంది. ఆ జులైలోనే గోవాన్ ప్రభుత్వం కూలిపోయింది.

వ్యాపారస్తుడి కళ్లతో చూస్తే ఇదంతా ఇంకోలా కనిపిస్తుంది. కానో పిరమిడ్ల కాలంలో అల్హసన్ దంతాతా అనే వర్తకుడు ఉండేవాడు. వేరుశనగ, కోలా గింజల వ్యాపారంతో పశ్చిమాఫ్రికాలోనే మహా సంపన్నుల్లో ఒకడిగా 1955లో కన్నుమూశాడు. ఇవాళ ఆఫ్రికాలో అందరికంటే ధనవంతుడు అలికో డంగోటే ఆయన మునిమనవడే. 1970ల చివర డంగోటే వ్యాపారంలోకి దిగినప్పుడు చేతిలోకి తీసుకున్నది వేరుశనగ కాదు, దిగుమతి సిమెంటు. తర్వాత చక్కెర, పిండి, ఆపై సొంత సిమెంటు ఫ్యాక్టరీలు. తెలివైన వర్తకుడు గాలి ఎటు వీస్తే అటే తెరచాప ఎత్తుతాడు, తప్పేముంది? ముత్తాత తరంలో లాభం సరుకు బయటికి పంపడంలో ఉండేది. మునిమనవడి తరానికి అది సరుకు లోపలికి తేవడంలోకి, ఇక్కడే కట్టి ఇక్కడే అమ్మడంలోకి మారింది. కోర్డెన్, నియరీ లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

నిందంతా చమురుదేనా?

కాదు. 1972-74 మధ్య సహారా అంచున ఘోరమైన కరువు వచ్చింది. 1975లో రోజెట్ అనే వైరస్ తెగులు ఉత్తరాది వేరుశనగను ఊడ్చేసింది. పేనుబంకతో వ్యాపించే ఈ తెగులు మొక్కను గిడసబారుస్తుంది. ఆ తెగులును తట్టుకునే వంగడాల మీద పనిచేసిన సంస్థల్లో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఒకటి, దానికి కానోలోనే కేంద్రం కూడా ఉంది.

ఇంకో పాత రోగం మార్కెటింగ్ బోర్డులు. బ్రిటిష్ వాళ్ల కాలంలో పెట్టినవి. రైతు తన పంటను బోర్డుకే అమ్మాలి. బోర్డు ప్రపంచ ధర కంటే బాగా తక్కువ ఇచ్చి, తేడాను మిగుల్చుకునేది. రైతుకు అండగా అని పెట్టిన సంస్థ క్రమంగా రైతు మీద పన్నుగా మారిపోయింది. అంటే చమురు వచ్చేనాటికే రైతుకు మిగులు పల్చబడి ఉంది. కానీ కరువులు అంతకు ముందూ వచ్చాయి, పంట మళ్లీ లేచింది. ఈసారి లేవకపోవడానికి కారణం, లేచేందుకు పెట్టే ఖర్చు తిరిగి రాదని రైతుకు అర్థమైపోవడం. రైతులు వేరుశనగ మానేసి జొన్న, సజ్జ వేసుకున్నారు, లేదా ఊరు వదిలారు.

చమురు అమ్మి మిగతావన్నీ కొనుక్కుంటే నష్టమేంటి?

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయకూడదు. ఏ సరుకులో లాభముంటే అది అమ్మి, మిగతావి కొనుక్కోవడమే కదా వ్యాపారం. ఎగుమతుల జాబితాలో ఒకటి పోయి ఇంకోటి వస్తే దాన్ని జబ్బు అనడం దేనికి? స్వేడర్ వాన్ వైన్‌బెర్గెన్ అనే డచ్ ఆర్థికవేత్త 1984లో రాసిన వ్యాసం శీర్షికలోనే ఇది నిజంగా జబ్బేనా అని అడిగాడు.

ఆయన ఇచ్చిన జవాబు చేస్తూ చేస్తూ నేర్చుకోవడం గురించి. ఫ్యాక్టరీ పనిలో, ఎగుమతి వ్యాపారంలో నైపుణ్యం ఏటేటా పేరుకుంటుంది. గ్రేడు కట్టడం, తేమ చూడటం, విదేశీ కొనుగోలుదారుతో నమ్మకం, రేవు దాకా సరుకు చేర్చే గొలుసు, ఇవేవీ పుస్తకంలో దొరకవు. పదేళ్లు ఆ పని ఆగిపోతే ఆ గొలుసు తెగిపోతుంది. చమురు ధర పడ్డాక నైరాను తగ్గించినంత మాత్రాన అది తిరిగి అతుక్కోదు. ఈలోపు ఎదుటివాడు నేర్చుకుంటూనే ఉన్నాడు. నైజీరియా వదిలేసిన పామాయిల్ మార్కెట్‌ను మలేషియా ఆక్రమించింది, దాని వెనక ఇండోనేషియా వచ్చింది.

నైజీరియాకు ఆ ధర పడే రోజు 1986లో వచ్చింది. చమురు ధర ఒక్క ఏడాదిలో సగానికి పడింది. దేశం అప్పుల్లో ఉంది. ఆ సెప్టెంబరులో అప్పటి సైనిక పాలకుడు బాబాంగిడా ప్రభుత్వం నైరాను మార్కెట్‌కు వదిలింది. డాలరుకు ఒకటిన్నర నైరాల దగ్గర ఉన్నది నాలుగు దాటింది. మార్కెటింగ్ బోర్డులనూ రద్దు చేశారు. కోకో చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి కాబట్టి కోకో కొంత కోలుకుంది. వేరుశనగ పిరమిడ్లు మాత్రం మళ్లీ లేవలేదు. చమురు రోజుల్లో సుంకాల గోడ చాటున పెరిగిన ఫ్యాక్టరీలు కూడా విడిభాగాలు, ముడిసరుకు బయటి నుంచి తెచ్చుకుని దేశంలో అమ్ముకునేవే. డాలర్లు ఆగేసరికి అవీ చతికిలబడ్డాయి.

తప్పించుకున్నవాళ్లు ఎలా తప్పించుకున్నారు?

అదే కాలంలో, అదే చమురుతో, దాదాపు అంతే పేదరికంతో ఉన్న దేశం ఇండోనేషియా. అక్కడా సైనికాధికారి పాలనే, అవినీతికీ కొదవలేదు. వాళ్ల జాతీయ చమురు కంపెనీ పెర్టామినా 1975లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన అప్పులతో చేతులెత్తేసింది. కాబట్టి మంచివాళ్లు గనక గట్టెక్కారు అనే వివరణ ఇక్కడ పనికిరాదు. రెండు పనులు మాత్రం వేరుగా చేశారు.

ఒకటి, చమురు డబ్బులో చెప్పుకోదగ్గ భాగాన్ని వరి పొలాల్లోకి మళ్లించారు. కాలువలు తవ్వారు. సహజవాయువుతో యూరియా తయారుచేసి రైతుకు చవకగా ఇచ్చారు. కొత్త వంగడాలు తెచ్చారు. 1970ల్లో ప్రపంచంలో బియ్యం దిగుమతి ఎక్కువగా చేసుకునే దేశాల్లో ముందున్న ఇండోనేషియా 1984 నాటికి తన బియ్యం తానే పండించుకుంది. కూలీ పెరుగుతున్నప్పుడు ఎకరా దిగుబడి కూడా పెరిగితే రైతు ఆ కూలీని భరించగలడు. ఇందాకటి లెక్కలో ఖర్చు రెట్టింపైనా బస్తాల సంఖ్య కూడా రెట్టింపైతే బస్తాకు పడే ఖర్చు పెరగదు కదా.

రెండోది ఇంకా అరుదైనది. 1978 నవంబరులో, ఖజానాలో డాలర్లకు కొరత లేని సమయంలో, తమ కరెన్సీ రూపయా విలువను తగ్గించారు. డాలరుకు 415 ఉన్నదాన్ని 625 చేశారు. గండం మీద పడ్డాక తప్పక తగ్గించడం అందరూ చేసేదే. చేతినిండా డబ్బున్నప్పుడు రబ్బరు, కాఫీ రైతులు చితికిపోతున్నారని గమనించి తగ్గించడం నాకు తెలిసి చాలా తక్కువమంది చేశారు. మన లెక్కలో నష్టపోయిన వేరుశనగ రైతుకు డాలరుకు ఒక నైరా బదులు ఒకటిన్నర ఇచ్చి చూడండి. 24 డాలర్లకు 36 నైరాలు. 28 ఖర్చు పోగా 8 మిగులు. జకార్తాలో చేసిన పని అదే. నైజీరియా అదే పని ఎనిమిదేళ్ల తర్వాత, చమురు ధర కూలిపోయి వేరే దారి లేనప్పుడు చేసింది.

నార్వే పద్ధతి మరొకటి, అందరూ చెప్పుకునేదే. చమురు డబ్బును అసలు దేశంలోకే ఎక్కువగా రానివ్వకుండా విదేశీ షేర్లు, బాండ్లలో పెడతారు. ఆ నిధికి 1990లో చట్టం చేశారు, 1996లో మొదటి సొమ్ము వేశారు. నిధి నుంచి ఏటా ఎంత వాడుకోవచ్చో 2001లో హద్దు గీసుకున్నారు: మొదట నాలుగు శాతం, ఇప్పుడు మూడు. డాలర్లు క్రోనర్లలోకి మారకపోతే క్రోనర్ అతిగా బలపడదు, ఓస్లోలో మేస్త్రీ రేటు ఆకాశానికి ఎక్కదు. సూత్రం చక్కనిదే. కానీ బడి లేని, కరెంటు లేని దేశానికి వెళ్లి, వచ్చిన డబ్బంతా న్యూయార్క్ షేర్లలో దాచుకోమని చెప్పడం నాకు మింగుడుపడదు. పేద దేశానికి పనికొచ్చే పాఠం ఓస్లోలో కంటే జకార్తాలోనే ఎక్కువ ఉంది.

ఈ జబ్బు మనకు వస్తుందా?

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ పడ్డప్పుడు ఈ ప్రశ్న కొందరు అడిగారు. 2009లో అక్కడి కేజీ-డీ6 బ్లాకు నుంచి గ్యాస్ రావడం మొదలైంది. కానీ ఇండియా వాడే చమురులో అత్యధిక భాగం బయటి నుంచి కొంటుంది. ఇక్కడ దొరికిన గ్యాస్ ఆ దిగుమతుల బిల్లును కాస్త తగ్గించగలదే తప్ప, దేశాన్ని డాలర్లతో ముంచెత్తి రూపాయిని ఎక్కించేంతది కాదు. కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

గనులు, బావులు లేకుండానే ఈ లక్షణాలు కనిపించిన చోటు మాత్రం మన పక్కనే ఉంది. కేరళకు గల్ఫ్ డబ్బు వచ్చింది. రాష్ట్రానికి సొంత కరెన్సీ లేదు కాబట్టి మారకం రేటు తలుపు మూసే ఉంది. భూమి రేటు, కట్టుబడి, కూలీ అనే తలుపు తెరుచుకుంది. 1970ల మధ్యలో ఎనిమిది లక్షల హెక్టార్లు దాటి ఉన్న వరి సాగు ఇప్పుడు రెండు లక్షల దరిదాపుల్లో ఉంది. రబ్బరు, కొబ్బరి వైపు మళ్లడం సహా వేరే కారణాలూ ఉన్నాయి. అయినా కొందరు ఆర్థికవేత్తలు కేరళ గురించి మాట్లాడేటప్పుడు డచ్ డిసీజ్ పేరు ఎత్తడం ఊరికే కాదు. మన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల్లో కూడా గల్ఫ్ డబ్బు వచ్చిన ఊళ్లలో భూమి రేటుకూ ఆ భూమిలో పండే పంటకూ పొంతన ఉండదు. అక్కడివాళ్లను అడిగితే చెబుతారు.

నైజీరియా ఇవాళ్టికీ వేరుశనగ బాగా పండించే దేశమే, చైనా, ఇండియాల తర్వాత చెప్పుకునే పేర్లలో అదొకటి. కానీ ఆ పంటలో దాదాపు అంతా అక్కడే తినేస్తారు, ఓడ ఎక్కేది అతి స్వల్పం. ఎగుమతి రాబడిలో సింహభాగం ఇంకా చమురు, గ్యాస్‌లదే. చమురు రోజుల్లో పట్నాల్లో మొదలైన దిగుమతి బియ్యం అలవాటు మాత్రం పోలేదు. ప్రభుత్వం నిషేధాలు పెట్టింది, 2019 ఆగస్టులో సరిహద్దులు కూడా మూసింది. అయినా పక్కనున్న చిన్న దేశం బెనిన్ తను తినేదానికి ఎన్నో రెట్లు ఉప్పుడు బియ్యం దిగుమతి చేసుకుంటుంది, అది రాత్రివేళ సరిహద్దు దాటుతుంది. అలా పశ్చిమాఫ్రికాకు వెళ్లే బియ్యంలో పెద్ద భాగం ఓడెక్కే రేవుల్లో మన కాకినాడ ఒకటి.